‘నీ పని నువ్వు చూసుకో’... ఇదేనా న్యాయం?

ఈ మాట వినని తెలుగువాళ్ళు ఉంటారా? ఇంట్లో పెద్దవాళ్ళ మాటల మధ్యలో దూరితే ‘నీ పని నువ్వు చూసుకో’. క్లాసులో పక్కవాడికి మార్కులు ఎందుకు తగ్గించారని అడిగితే ‘నీ పని నువ్వు చూసుకో’. ఆఫీసు మీటింగులో వేరే టీమ్ సంగతి ఎత్తినా అదే మాట, కాకపోతే కాస్త మర్యాదగా. మన దగ్గర ఇది ఎదుటివాళ్ళ నోరు మూయించడానికి వాడే మాట.

సుమారు 2,400 ఏళ్ళ కిందట గ్రీసులో ఒకాయన ‘న్యాయం అంటే ఏమిటి?’ అనే ఒక్క ప్రశ్న పట్టుకుని పది భాగాల పుస్తకం రాశాడు. వెతికి వెతికి నాలుగో భాగంలో జవాబు దొరికిందన్నాడు. ఆ జవాబు ఏంటో తెలుసా? ఎవరి పని వాళ్ళు చేసుకోవడం, పక్కవాళ్ళ పనిలో వేలు పెట్టకపోవడం. న్యాయం అంటే అదేనట!

ఆయన పేరు ప్లేటో. పుస్తకం ‘రిపబ్లిక్’.

నేను ఆ పుస్తకాన్ని రాత్రిళ్ళు ఫోన్‌లో, రోజుకు నాలుగైదు పేజీల చొప్పున చదివాను. ఈ జవాబు దగ్గరికి వచ్చాక ఫోన్ పక్కన పడేసి కాసేపు పైకప్పు చూస్తూ పడుకున్నాను. మా ఇంట్లో రోజూ వినే మాట కోసం ఇన్ని పేజీలా అనిపించింది. కానీ ప్లేటో అంత తేలిగ్గా కొట్టిపారేసే మనిషి కాదు. ఆయన ఒక్కో మెట్టు ఎక్కించుకుంటూ తీసుకెళ్తాడు. ప్రతి మెట్టూ ‘నిజమే కదా’ అనిపిస్తుంది. తీరా పైకి చేరాక చూస్తే మనం ఎక్కడో రావాలనుకోని చోట నిలబడి ఉంటాం. ఏ మెట్టు దగ్గర దారి మారిందో మీతో కలిసి వెతుకుదామనే ఇది రాస్తున్నాను.

నలుగురితో ఒక ఊరు

కథ జరిగేది ఏథెన్స్ పక్కనున్న రేవు పట్నం పిరేయస్‌లో, సెఫలస్ అనే ముసలాయన ఇంట్లో. ప్లేటో గురువు సోక్రటీస్, ప్లేటో సోదరులు గ్లాకన్, అడైమాంటస్, ఇంకొందరు కూర్చుని మాట్లాడుకుంటూ ఉంటారు. న్యాయాన్ని ఒక్క మనిషిలో వెతకడం చిన్న అక్షరాలు దూరం నుంచి చదవడం లాంటిది, అదే ఊరి మొత్తంలో వెతికితే పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది అంటాడు సోక్రటీస్. మనం స్క్రీన్ మీద రెండు వేళ్ళతో జూమ్ చేసుకుంటామే, అలా అన్నమాట. అందుకని ఊహలోనే ఒక ఊరు కట్టడం మొదలుపెడతారు.

ఆ ఊళ్ళో మొదట నలుగురే. రైతు, ఇల్లు కట్టేవాడు, నేతగాడు, చెప్పులు కుట్టేవాడు. ఇప్పుడు ప్రశ్న. రైతు తన నాలుగో వంతు సమయంలో తన ఒక్కడికే తిండి పండించుకుని, మిగతా మూడు వంతులూ ఇల్లు కట్టుకోవడానికీ, బట్ట నేసుకోవడానికీ, చెప్పులు కుట్టుకోవడానికీ ఖర్చు పెట్టాలా? లేక నలుగురికీ సరిపడా పండించి, మిగిలినవి వాళ్ళ దగ్గర తీసుకోవాలా?

రెండోదే మేలని ఎవరైనా చెబుతారు. ప్లేటో దానికి మూడు కారణాలు ఇస్తాడు. ఒకటి, మనుషులందరూ ఒకేలా పుట్టరు, ఒకరికి ఒక పని బాగా అబ్బుతుంది. రెండు, ఒకే పని మీద ఉన్నవాడు దాన్ని బాగా చేస్తాడు. మూడు, పనికి ఒక అదను ఉంటుంది. మనకు తీరిక దొరికేదాకా అది ఆగదు. ఈ మూడోది మన రైతులకు ఎవరూ నేర్పక్కర్లేదు.

తర్వాత ఊరు పెరుగుతుంది. నాగలి చేయడానికి వడ్రంగి, కమ్మరి కావాలి. గొర్రెలు మేపేవాళ్ళు కావాలి. సరుకు బయటికి తీసుకెళ్ళే వ్యాపారులు, నావికులు, సంతలో కూర్చుని అమ్మేవాళ్ళు, కూలీకి వచ్చేవాళ్ళు, అందరూ చేరతారు. వాళ్ళ తిండి గోధుమ, బార్లీ రొట్టెలు, ఉప్పు, ఆలివ్ కాయలు, జున్ను, అత్తిపళ్ళు, శనగలు. కొంచెం ద్రాక్షసారా. హాయిగా బతికేస్తారు.

ఇక్కడ గ్లాకన్ అడ్డం పడతాడు. ఇది పందులు బతికే ఊరిలా ఉంది, మనుషులకు మంచాలు, బల్లలు, నోటికి రుచిగా నంజుకునేవి ఉండొద్దా అంటాడు. సరే, విలాసాల ఊరే కడదాం అంటాడు సోక్రటీస్. విలాసాలు పెరిగితే ఉన్న నేల చాలదు. పక్క ఊరి నేల మీద కన్ను పడుతుంది. యుద్ధం వస్తుంది. యుద్ధానికి సైన్యం కావాలి. చెప్పులు కుట్టడమే ఒకడి పూర్తికాలం పని అయినప్పుడు, యుద్ధం చేయడం ఇంకెంత నేర్పున్న పని? అందుకని దానికీ ప్రత్యేకంగా మనుషులు ఉండాలి. ఆ సైనికుల్లోంచే తెలివీ నిజాయతీ ఉన్నవాళ్ళను ఏరి పాలకులుగా పెట్టాలి.

చూశారా, నలుగురు పనివాళ్ళతో మొదలైన ఊళ్ళో ఇప్పుడు మూడు వర్గాలు తయారయ్యాయి. పైన పాలకులు, మధ్యలో సైనికులు, కింద రైతులు, చేతిపనివాళ్ళు, వ్యాపారులు.

చెప్పుల అంగడి లెక్క

పని పంచుకుంటే లాభం అనే సంగతి ప్లేటో ఒక్కడే చెప్పలేదు. ఆయన కాలంవాడే, సోక్రటీస్ మరో శిష్యుడు జెనోఫోన్ దీన్ని ఇంకా ముచ్చటగా వివరించాడు. చిన్న ఊళ్ళో ఒకే వడ్రంగి మంచం, తలుపు, నాగలి, బల్ల అన్నీ చేస్తాడు, అవసరమైతే ఇల్లు కూడా కడతాడు. అదే పెద్ద నగరంలో అయితే మగవాళ్ళ చెప్పులు ఒకడు చేస్తాడు, ఆడవాళ్ళవి ఇంకొకడు. కొన్నిచోట్ల కుట్టేవాడు కుట్టడమే, కోసేవాడు కోయడమే, ముక్కలన్నీ కలిపేవాడు కలపడమే. కొనేవాళ్ళు ఎక్కువ కాబట్టి ఒక్క ముక్క పనితోనే అందరికీ పొట్ట గడుస్తుంది.

ఆ చిన్న ఊరి వడ్రంగిని చదువుతుంటే నాకు మా ఊరి వడ్రంగి గుర్తొచ్చాడు. నాగలి, గుమ్మం, మంచం కోళ్ళు, బండి చక్రం... ఆయన చేయని పని లేదు. ఇప్పుడు నగరంలో తలుపుకు ఒకరు, కిచెన్ అరలకు ఒకరు, సోఫాకు ఒకరు వస్తున్నారు.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. జెనోఫోన్ మాట్లాడేది సరుకు నాణ్యత గురించి. ఎక్కువమంది కొంటే పని ఎక్కువ ముక్కలవుతుంది, ముక్కలైతే నాణ్యత పెరుగుతుంది. అంతవరకే. చెప్పులు కుట్టేవాడు ఊరి వ్యవహారాల్లో నోరు విప్పొచ్చా లేదా అనేది ఆ లెక్కలో లేదు.

దారి మారిన మెట్టు

ఇప్పుడు ‘రిపబ్లిక్’ నాలుగో భాగానికి వద్దాం. న్యాయం అంటే ఎవరి పని వాళ్ళు చేయడం అని తేల్చాక, సోక్రటీస్ గ్లాకన్‌ని ఒక ప్రశ్న అడుగుతాడు. వడ్రంగి, చెప్పులు కుట్టేవాడు తమ పనులు, పనిముట్లు మార్చుకున్నారనుకో, లేదా ఒకడే రెండు పనులూ చేశాడనుకో, ఊరికి పెద్ద నష్టం ఉంటుందా? పెద్దగా ఉండదంటాడు గ్లాకన్. కానీ చేతిపనివాడో వ్యాపారో డబ్బు చూసుకునో బలగం చూసుకునో సైనికుల వర్గంలోకి వచ్చినా, సైనికుడు పాలకుల వర్గంలోకి దూరినా ఊరు నాశనమేనని ఇద్దరూ ఒప్పుకుంటారు.

ఒక్కసారి ఆగి చూడండి. మొదట్లో వాదన నిలబడింది దేని మీద? రైతు చెప్పులు కుట్టకూడదు, చెప్పులు కుట్టేవాడు ఇల్లు కట్టకూడదు అన్నదాని మీద. చివరికొచ్చేసరికి ఆ మార్పిడి జరిగినా ఫర్వాలేదట! జరగకూడనిది ఒక్కటే, కిందివాడు పైకి ఎక్కడం.

నా ఉద్దేశంలో దారి మారింది ఇక్కడే. పనికీ పనికీ మధ్య గీసిన గీత, చప్పుడు కాకుండా మనుషులకూ మనుషులకూ మధ్య గోడ అయిపోయింది. ‘ఒక పని నేర్చుకుంటే బాగా చేస్తావు’ అన్నది అనుభవంలో తెలిసేదే. ‘నువ్వు ఈ వర్గం మనిషివి, అక్కడే ఉండు’ అన్నది వేరే సంగతి. మొదటిదానికి ఇచ్చిన మూడు కారణాలతో రెండోది రుజువైపోదు.

ప్లేటోకు ఇది తెలియదని అనుకోకండి. అందుకే ఆ గోడ నిలబడడానికి ఒక కథ కావాలని ఆయనే ఒప్పుకున్నాడు. మీరందరూ ఒకే నేలతల్లి బిడ్డలు, కానీ దేవుడు మిమ్మల్ని తయారుచేసేటప్పుడు పాలకుల్లో బంగారం, సైనికుల్లో వెండి, రైతుల్లో, చేతిపనివాళ్ళలో ఇనుము, కంచు కలిపాడు అని ప్రజలకు చెప్పాలట. ఇది అబద్ధమేనని, కాకపోతే ఊరి మంచి కోసం చెప్పే అబద్ధమని ఆయనే అంటాడు. దీన్ని జనం నమ్ముతారా అని అడిగితే గ్లాకన్ ఇచ్చిన జవాబు నన్ను వణికించింది. ఈ తరంవాళ్ళు నమ్మరు, వాళ్ళ పిల్లలు, ఆ తర్వాతి తరాలవాళ్ళు నమ్ముతారు అంటాడు.

ప్లేటోకు దక్కాల్సిన మార్కులు కూడా ఇద్దాం. ఇనుము తల్లిదండ్రులకు బంగారం బిడ్డ పుట్టొచ్చు, అప్పుడు ఆ బిడ్డను పైకి తేవాలి అన్నాడు. బంగారం ఇంట్లో ఇనుము పుడితే మొహమాటం లేకుండా కిందికి పంపాలన్నాడు. పైవర్గాలవాళ్ళకు సొంత ఆస్తి, బంగారం, వెండి ఏవీ ఉండకూడదన్నాడు. అధికారం ఉన్నచోట డబ్బు ఉండకూడదని అంత గట్టిగా చెప్పినవాళ్ళు తక్కువ. కానీ ఎవరిలో ఏ లోహం ఉందో తేల్చేది ఎవరు? మళ్ళీ ఆ పాలకులే.

అసలు ఏథెన్స్ ఎలా ఉండేది?

ప్లేటో ఊహలో ఊరు అది. ఆయన కళ్ళముందున్న ఏథెన్స్ వేరే. అక్కడ పౌరులందరూ ప్నిక్స్ అనే కొండ మీద చేరేవాళ్ళు. ‘ఎవరు మాట్లాడతారు?’ అని చాటింపువాడు కేకేస్తే కుమ్మరి లేచి మాట్లాడొచ్చు, నావికుడు లేచి మాట్లాడొచ్చు. 500 మంది సభ్యులుండే మండలిని చీట్లు తీసి ఎంచుకునేవాళ్ళు. పేదవాళ్ళు కూలీ పోగొట్టుకోకుండా సభకు వచ్చేందుకు క్రీ.పూ. 390ల నాటికి హాజరైనందుకు డబ్బు కూడా ఇచ్చేవాళ్ళు.

ఇదంతా విని ఏథెన్స్ స్వర్గం అనుకోవద్దు. ఆడవాళ్ళకు ఆ కొండ మీద చోటు లేదు. బయటి ఊళ్ళ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళను ‘మెటిక్’లు అనేవాళ్ళు, వాళ్ళు పన్ను కట్టాలి, యుద్ధానికి వెళ్ళాలి, ఓటు మాత్రం లేదు. ఇక బానిసల సంగతి చెప్పక్కర్లేదు. లారియాన్ వెండి గనుల్లో పనికి నికియాస్ అనే ఏథెన్స్ నాయకుడు వెయ్యిమంది బానిసలను అద్దెకిచ్చాడని జెనోఫోన్ రాశాడు. తలకు రోజుకు ఒక ఒబోల్ అద్దె. ఆరు ఒబోల్‌లు ఒక డ్రాక్మా. అంటే ఆయనకు కూర్చున్నచోటే రోజుకు 166 డ్రాక్మాలకు పైనే వచ్చేది. నేర్పున్న పనివాడి రోజు కూలీ అప్పట్లో ఒక డ్రాక్మా.

ఆ డ్రాక్మా కూలీ లెక్క మనకు ఎలా తెలిసింది? రాతి మీద చెక్కి ఉంది. అక్రోపోలిస్ కొండ మీద ఎరెక్థియాన్ గుడి కట్టినప్పుడు, క్రీ.పూ. 409 నుంచి కొన్నేళ్ళ లెక్కలు రాళ్ళ మీద చెక్కించారు. అందులో హోదా తెలిసిన పనివాళ్ళు 86 మంది. వాళ్ళలో 24 మంది పౌరులు, 42 మంది మెటిక్‌లు, 20 మంది బానిసలు. ఒకే స్తంభానికి గాళ్ళు చెక్కే బృందంలో యజమానీ, అతని బానిసలూ పక్కపక్కనే పనిచేశారు. కూలీ అందరికీ ఒక్కటే, కాకపోతే బానిస డబ్బు యజమాని చేతికే పోయేదని పండితులు అనుకుంటారు.

నన్ను ఆపేసింది ఈ రాయే. ఒకే రాయి, ఒకే ఉలి, ఒకే నేర్పు, ఒకే కూలీ. సభ జరిగే రోజున ఒకడు కొండ మీదికెళ్ళి యుద్ధం చేయాలా వద్దా అని చేయెత్తి ఓటేస్తాడు. ఇంకొకడు పన్ను కట్టి నోరు మూసుకుంటాడు. మూడోవాడు ఆ మొదటివాడి ఆస్తి. వాళ్ళ మధ్య తేడా పనిలో ఉందా? ఎక్కడ పుట్టారు, ఎవరికి పుట్టారు, ఎవరు కొన్నారు అన్నదాంట్లో ఉంది.

ప్లేటో కోపం ఊరికే రాలేదు

ప్లేటోకు ప్రజాస్వామ్యం మీద నమ్మకం పోవడానికి గట్టి కారణమే ఉంది. క్రీ.పూ. 399లో ఆయన గురువు సోక్రటీస్‌కు మరణశిక్ష వేసింది సుమారు 500 మంది మామూలు పౌరులున్న న్యాయస్థానం. దేవుళ్ళను గౌరవించడని, కుర్రాళ్ళను చెడగొడుతున్నాడని నేరం. గుంపు చేతిలో అధికారం ఉంటే ఏమవుతుందో ప్లేటో కళ్ళారా చూశాడు.

అందుకే ఓడ కథ చెబుతాడు. ఓడ యజమాని బలంగానే ఉంటాడు, కానీ చెవులు సరిగా వినపడవు, కళ్ళు సరిగా కనపడవు. నావికులు చుక్కాని కోసం కొట్టుకుంటారు. వాళ్ళెవరికీ ఓడ నడపడం రాదు. చుక్కల్ని, గాలుల్ని చదివి దారి తెలిసినవాణ్ణి మాత్రం పనికిమాలిన చుక్కలు లెక్కపెట్టేవాడని ఎగతాళి చేస్తారు. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే, ఘాట్ రోడ్డు మీద బస్సు డ్రైవర్ ఎవరో ప్రయాణికులు ఓట్లేసి తేలుస్తారా?

వాదనలో బలం ఉంది. కానీ రెండో వైపు కూడా చూడాలి. క్రీ.పూ. 404లో ఏథెన్స్ యుద్ధంలో ఓడిపోయాక 30 మంది పెద్దలు అధికారం లాక్కున్నారు. మామూలు జనం పాలనకు పనికిరారని, తమలాంటి కొందరే తగినవాళ్ళని నమ్మిన మనుషులు వాళ్ళు. వాళ్ళ నాయకుడు క్రిటియాస్ ప్లేటో తల్లివైపు బంధువు. ఆ కొద్ది నెలల పాలనలో సుమారు 1,500 మందిని చంపారని పాత రచన ఒకటి చెబుతోంది.

చనిపోయినవాళ్ళలో ఒకరి పేరు పోలెమార్కస్. ‘రిపబ్లిక్’ సంభాషణ జరిగిన ఇంటి యజమాని సెఫలస్ ఉన్నాడే, ఆయన కొడుకు. పుస్తకం మొదట్లో ‘ఎవరికి దక్కాల్సింది వాళ్ళకివ్వడమే న్యాయం’ అంటూ వాదించేది ఇతనే. ఈ కుటుంబం మెటిక్‌లు, డాళ్ళు తయారుచేసే పెద్ద కార్ఖానా వాళ్ళది. డబ్బు కోసం ఆ 30 మంది అతన్ని పట్టుకుని, నేరమేంటో కూడా చెప్పకుండా విషం తాగించారు. ఇంట్లోంచి 700 డాళ్ళు, 120 మంది బానిసలను ఎత్తుకుపోయారు. ఇదంతా అతని తమ్ముడు లిసియాస్ తర్వాత కోర్టులో చెప్పాడు.

సోక్రటీస్ తాగిందీ విషమే, పోలెమార్కస్ తాగిందీ విషమే. ఒకటి వందలమంది ఇచ్చింది, ఒకటి ముప్పైమంది ఇచ్చింది. ఎక్కువమంది తప్పు చేయగలరని ప్లేటో మనకు బాగా నేర్పాడు. కొద్దిమంది ఇంకా సులువుగా తప్పు చేయగలరని ఆయన పుస్తకం జరిగిన ఇల్లే సాక్ష్యం చెబుతోంది.

అందరికీ పంచిన రెండు వరాలు

ఇప్పుడు నాకు చాలా నచ్చిన భాగం. ప్లేటోకు ఎదురు జవాబు కూడా గ్రీకుల్లోనే ఉంది. తమాషా ఏంటంటే దాన్ని మనకు అందించింది కూడా ప్లేటోనే, ‘ప్రొటాగరస్’ అనే చిన్న పుస్తకంలో.

అందులో సోక్రటీస్ ఒక ప్రశ్న వేస్తాడు. సభలో ఓడల గురించి చర్చ వస్తే ఓడలు కట్టేవాళ్ళ మాటే వింటారు, తెలియనివాడు లేస్తే నవ్వి కూర్చోబెడతారు. మరి ఊరిని ఎలా నడపాలనే చర్చలో మాత్రం వడ్రంగి, కమ్మరి, చెప్పులు కుట్టేవాడు, ఉన్నవాడు, లేనివాడు అందరూ లేచి సలహాలిస్తారు, ఎవరూ కాదనరు. ఎందుకని?

ప్రొటాగరస్ అనే గురువు కథతో జవాబిస్తాడు. జంతువులకు గోళ్ళు, బొచ్చు, వేగం పంచేసరికి మనిషికి ఏమీ మిగల్లేదు. ప్రొమీథియస్ జాలిపడి నిప్పునూ చేతిపనుల నేర్పునూ దొంగిలించి ఇచ్చాడు. అయినా మనుషులు ఒకచోట చేరితే కొట్టుకునేవాళ్ళు, విడిపోతే మృగాల పాలయ్యేవాళ్ళు. అప్పుడు దేవతల రాజు జ్యూస్ రెండు వరాలు పంపాడు. ఒకటి ఎదుటివాళ్ళ ముందు తప్పు చేయడానికి సిగ్గుపడే గుణం, రెండోది న్యాయం. వాటిని తీసుకెళ్ళే హెర్మీస్ ఒక సందేహం అడుగుతాడు. చేతిపనుల్లాగే పంచనా? పదిమందికి ఒక వైద్యుడు చాలు కదా, అలా కొందరికే ఇవ్వనా? లేక అందరికీ ఇవ్వనా?

అందరికీ ఇవ్వమంటాడు జ్యూస్. కొందరి దగ్గరే ఉంటే ఊళ్ళు నిలబడవు.

ఎంత శుభ్రంగా తేల్చేశాడో చూడండి. పనులు పంచుకోండి, న్యాయాన్ని మాత్రం పంచి కొందరి చేతికి ఇవ్వకండి. చెప్పులు కుట్టడం ఒకరి పని, వైద్యం ఒకరి పని. కానీ ఏది తప్పో ఏది ఒప్పో మాట్లాడడం అందరి పని.

ఇది చదివినప్పుడు నాకు అమ్మమ్మ చెప్పిన చాకలివాడి గాడిద కథ గుర్తొచ్చింది. రాత్రి దొంగ వస్తాడు, కుక్క అరవదు, గాడిద ఓండ్రపెడుతుంది, యజమాని లేచి గాడిదను చావబాదుతాడు. ఎవరి పని వాళ్ళే చేయాలి అని నీతి. చిన్నప్పుడు తలూపాం. కానీ ఒకటి గమనించారా? ఆ రాత్రి దొంగ నిజంగానే వచ్చాడు! ఇల్లంతటిలో నిజం చెప్పింది గాడిద ఒక్కటే. దెబ్బలు తిన్నదీ అదే.

భోజనం బాగుందో లేదో ఎవరు చెప్పాలి?

ప్లేటో శిష్యుడు అరిస్టాటిల్ ఈ విషయంలో గురువుతో సగం విభేదించాడు. ఇల్లు బాగుందో లేదో కట్టినవాడి కంటే అందులో ఉండేవాడికి బాగా తెలుస్తుంది. చుక్కాని సంగతి వడ్రంగి కంటే ఓడ నడిపేవాడికి బాగా తెలుస్తుంది. విందు ఎలా ఉందో చెప్పాల్సింది వంటవాడు కాదు, తిన్నవాడు. పాలన కూడా అంతే, దాని కింద బతికేవాళ్ళు మాట్లాడాలి. ప్లేటో ఓడ కథకు నేను చూసిన జవాబుల్లో ఇదే మంచిది. బస్సు నడిపేది డ్రైవరే. కానీ బస్సు ఏ ఊరు వెళ్ళాలో, వేగం తగ్గించాలో లేదో చెప్పే హక్కు ఎక్కినవాళ్ళది.

ఇదే అరిస్టాటిల్ ఇంకోచోట బానిసను ప్రాణమున్న పనిముట్టు అన్నాడు. కొందరు పుట్టుకతోనే బానిసలుగా ఉండదగినవాళ్ళన్నాడు. మగ్గం మీద నాడె తనంతట తాను నేయగలిగితే యజమానులకు బానిసలు అక్కర్లేదనీ అన్నాడు. ఇప్పుడు మరమగ్గాలు వాటంతట అవే నేస్తున్నాయి. పనిముట్టు మారింది. కొందరు పుట్టుకతోనే తక్కువ అనే మాట మాత్రం దాంతోపాటు పోలేదు.

బట్టతల వాదన

ప్లేటో గోడను పడగొట్టే సుత్తి కూడా ప్లేటో దగ్గరే ఉందని నా అభిప్రాయం. ఐదో భాగంలో ఆయన ఆడవాళ్ళు కూడా పాలకులు, సైనికులు కావచ్చంటాడు. ఆ కాలపు ఏథెన్స్‌లో అది బాంబులాంటి మాట. ఆడవాళ్ళ స్వభావం వేరు కదా, వేరే పనే ఇవ్వాలి కదా అని ఎవరైనా అడిగితే? బట్టతలవాళ్ళకూ జుట్టున్నవాళ్ళకూ కూడా తేడా ఉంది, మరి బట్టతలవాళ్ళు చెప్పులు కుడితే జుట్టున్నవాళ్ళు కుట్టకూడదందామా అంటాడు సోక్రటీస్. తేడా ఉండడం కాదు, ఆ పనికి సంబంధించిన తేడానా అన్నది చూడాలి. కాపలా కుక్కల్లో ఆడకుక్కలు కూడా వేటకు వెళ్తాయి కదా అని గుర్తుచేస్తాడు. (అయినా అన్ని పనుల్లో మొత్తమ్మీద మగవాళ్ళదే పైచేయి అని పక్కనే అంటాడు. అదీ ప్లేటోనే.)

ఈ ప్రశ్నను బంగారం, ఇనుము కథకు వేసి చూడండి. పుట్టుకలో ఏ తేడా ఒక మనిషిని ఊరి నిర్ణయాలకు పనికిరాకుండా చేస్తుంది? 1776లో ఆడమ్ స్మిత్ శ్రమ విభజనను మెచ్చుకుంటూనే, తత్వవేత్తకూ వీధిలో మూటలు మోసేవాడికీ ఉన్న తేడా పుట్టుకది కాదు, అలవాటు, చదువు తెచ్చిందే ఎక్కువ అన్నాడు. ప్లేటో దృష్టిలో మనుషులు వేరు కాబట్టి పనులు వేరు. స్మిత్ దృష్టిలో పనులు వేరు కాబట్టే మనుషులు వేరుగా తయారయ్యారు.

మన దేశంలో ప్లేటోను పేరు పెట్టి నిలదీసినవాడు డాక్టర్ అంబేడ్కర్. 1936లో లాహోర్ సభ కోసం రాసిన ప్రసంగం అది. అందులో ఉన్న మాటలు చూసి నిర్వాహకులు సభే ఆపేస్తే, ఆయన దాన్ని ‘కుల నిర్మూలన’గా సొంతంగా అచ్చువేశారు. కులం అంటే పని పంచుకోవడమే కదా అనేవాళ్ళకు, అది పనిని మాత్రమే కాదు, పనిచేసే మనుషులనే విడదీసి ఒకరి మీద ఒకరిని పేర్చిందని జవాబిచ్చారు. మనుషులను మూడు డబ్బాల్లో సర్దేసిన ప్లేటో, ఒక్కో మనిషిలో ఎన్ని రకాల శక్తులుంటాయో గుర్తించలేదని విమర్శించారు. నేను పైన చెప్పిన మెట్టు, చెప్పుల నుంచి వర్గానికి జారిన మెట్టు, ఆయన కంటికి ఎప్పుడో కనిపించింది.

మరి ఈసారి ఎవరైనా అంటే?

‘నీ పని నువ్వు చూసుకో’ అనే మాట ప్రతిసారీ తప్పని నేను అనను. ఆపరేషన్ థియేటర్లో సర్జన్ అంటే నోరు మూసుకోవాల్సిందే. వంటగదిలో పోపు వేసేటప్పుడు అమ్మ అన్నా అంతే. అది నేర్పుకు సంబంధించిన మాట, జెనోఫోన్ చెప్పుల అంగడి లెక్క.

కానీ ఈ మాట వినిపించినప్పుడు నేను మనసులో మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాను. మీకూ పనికొస్తాయేమో చూడండి. ఒకటి, ఇది పని ఎలా చేయాలన్న సంగతా, లేక దాని మంచిచెడ్డలు ఎవరు మాట్లాడాలన్న సంగతా? రెండు, నన్ను పక్కన పెట్టడానికి చూపిస్తున్న తేడా ఈ పనికి సంబంధించిందా, లేక బట్టతల లాంటిదా? మూడు, ఎవరి పని ఏదో తేల్చేది ఎవరు, ఆ మాట నాలాంటివాళ్ళను అడిగారా?

మూడింటికీ సరైన జవాబు వస్తే నా పని నేను చూసుకుంటాను. రాకపోతే అడుగుతాను.

ప్లేటోను చదవాలనిపిస్తే ‘రిపబ్లిక్’ మొత్తం ఒకేసారి మొదలుపెట్టకండి, సగంలో వదిలేస్తారు. ముందు ‘ప్రొటాగరస్’లో ఆ రెండు వరాల కథ చదవండి, కొద్ది పేజీలే. ఆ తర్వాత ‘రిపబ్లిక్’ రెండో భాగం తెరవండి, నలుగురి ఊరు అక్కడే మొదలవుతుంది. చదువుతున్నప్పుడు ప్రతి ‘అవును సోక్రటీస్’ దగ్గరా ఒక్క క్షణం ఆగి, మీరైతే అవునంటారో లేదో చూసుకోండి.